హైదరాబాద్ మహానగర ప్రాంతం: టెక్నాలజీ సంస్థలకు స్థానిక తోడ్పాటు

హైదరాబాద్, దాని చుట్టుపక్కల మేడ్చల్-మల్కాజిగిరి, రంగారెడ్డి, సంగారెడ్డి జిల్లాల్లో సాంకేతిక పరిజ్ఞానం ఆధారంగా వ్యాపారం చేసే చిన్న, కొత్త సంస్థలకు అనేక రకాల తోడ్పాటు దొరుకుతుంది. పనిచేసుకునే చోటు, యంత్రాలు, ప్రయోగశాలలు, పెట్టుబడి, శిక్షణ, సలహా, తొలి కొనుగోలుదారులతో పరిచయం ఇందులో ముఖ్యమైనవి. ఇంక్యుబేటర్లు (కొత్త సంస్థలకు తొలి దశలో ఆసరా ఇచ్చే కేంద్రాలు), టూల్‌రూములు, పరిశోధనశాలలు, పారిశ్రామికవాడలు, వ్యాపార సంఘాలు, మదుపరుల బృందాలు వీటిని అందిస్తాయి. ఈ మాట ఎత్తగానే అందరికీ గుర్తొచ్చే పేరు రాయదుర్గంలోని స్టార్టప్ కేంద్రం టీ-హబ్. నిజానికి ఈ తోడ్పాటు అరవై ఏళ్లకు పైగా పొరలు పొరలుగా పేరుకుంటూ వచ్చింది. పైపొర దగ్గరే ఆగిపోయేవారికి నగరం ఇవ్వగలిగిన దానిలో కొంతే దక్కుతుంది.

పునాది పొర

1960, 70 దశకాల్లో కేంద్ర ప్రభుత్వం హైదరాబాద్‌లో వరసగా భారీ సంస్థలు నెలకొల్పింది. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, కంచన్‌బాగ్ వైపు డీఆర్‌డీఎల్, 1970లో భారత్ డైనమిక్స్ (బీడీఎల్), 1973లో మిధాని, ఈశాన్యాన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వచ్చాయి. 1967లో పుట్టిన ఈసీఐఎల్ దేశంలోనే తొలితరం కంప్యూటర్లు తయారుచేసింది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినవారు. ఆయన పేరిట వెలసిన ఏఎస్ రావు నగర్ తెలియని నగరవాసి ఉండడు.

ఈ సంస్థలకు విడిభాగాలు కావాలి. వాటిని చేసిపెట్టడానికి బాలానగర్, జీడిమెట్ల, కుషాయిగూడ, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో చిన్నచిన్న యంత్రశాలలు వెలిశాయి. అణుశక్తి, అంతరిక్ష సంస్థలకు అతి సూక్ష్మ కొలతలతో పరికరాలు చేసే ఎంటార్ టెక్నాలజీస్ 1970లో బాలానగర్‌లోనే మొదలైంది. ఈ షెడ్లు ఏ స్టార్టప్ జాబితాలోనూ కనబడవు. కానీ ఒక వస్తువును గీత గీసిన కాగితం నుంచి చేతిలో పట్టుకునే లోహంగా మార్చాలంటే నగరంలో అసలు నైపుణ్యం ఉన్నది వీటిలోనే. ధ్రువ స్పేస్ ఇక్కడ పనిచేయడానికి, 2018లో స్కైరూట్ ఏరోస్పేస్ ఇక్కడే పుట్టడానికి, 2022 నవంబర్ 18న స్కైరూట్ రాకెట్ విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి ఎగరడానికి వెనుక ఈ నేల మీద అర్ధశతాబ్దంగా పెరిగిన పనితనం ఉందనడంలో అతిశయోక్తి లేదు.

ఈ పొరలోవే మరో రెండు సంస్థలు ఇప్పటికీ తలుపులు తెరిచి ఉన్నాయి. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సహకారంతో బాలానగర్‌లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ (సీఐటీడీ) అచ్చులు, డైలు, జిగ్‌లు రూపొందించి ఇస్తుంది. కొలత పరికరాల కాలిబ్రేషన్ చేస్తుంది. టూల్ డిజైన్‌లో డిప్లొమా నుంచి పీజీ దాకా చదువు చెబుతుంది. ప్లాస్టిక్ పెట్టెలో తన సర్క్యూట్‌ను అమర్చి అమ్మాలనుకునే ఎలక్ట్రానిక్స్ సంస్థ ముందుగా తట్టవలసిన తలుపు ఇది. యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల జాతీయ శిక్షణ సంస్థ ని-ఎంఎస్‌ఎంఈ 1960లో ఢిల్లీలో మొదలై 1962లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. అప్పట్లో సియెట్ అనేవారు. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారుల మీద చేసిన ప్రసిద్ధ ప్రయోగానికి శిక్షణ జరిగింది ఈ సంస్థలోనే. సాధించాలన్న తపనను శిక్షణతో పెంచవచ్చా అని పరీక్షించిన ఆ ప్రయోగం ప్రపంచవ్యాప్తంగా వ్యాపార శిక్షణ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

మైత్రీవనం నుంచి సైబర్ టవర్స్ దాకా

సాఫ్ట్‌వేర్ ఎగుమతుల కోసం కేంద్రం 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియాను (ఎస్‌టీపీఐ) ఏర్పాటు చేసింది. హైదరాబాద్‌లో దీని తొలి చిరునామా అమీర్‌పేటలోని మైత్రీవనం. టెలిఫోన్ కనెక్షన్‌కే ఏళ్ల తరబడి ఎదురుచూసే రోజుల్లో చిన్న కంపెనీకి ఉపగ్రహ లింకు ద్వారా విదేశీ ఖాతాదారుతో మాట్లాడే వీలు కల్పించడం, ఎగుమతి అనుమతులు ఒకేచోట ఇవ్వడం దాని పని. ఈ పథకం కింద దొరికిన ఆదాయపు పన్ను మినహాయింపు 2011 మార్చి 31తో ముగిసింది. నేడు ఎస్‌టీపీఐ ఎగుమతి పత్రాల పనితో పాటు స్టార్టప్‌ల కోసం ప్రత్యేక కేంద్రాలు నడుపుతోంది. హైదరాబాద్ కేంద్రం గేమింగ్, యానిమేషన్ రంగం మీద దృష్టి పెట్టింది.

1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వచ్చాయి. 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ) తరగతులు మొదలయ్యాయి. పెద్ద కంపెనీలను రప్పించడమే ఆనాటి విధానం. చిన్న సంస్థలకు నేరుగా దక్కింది తక్కువ. ఆ పెద్ద కంపెనీల్లో పదేళ్లు పనిచేసి, జీతం వదిలి సొంతంగా మొదలుపెట్టిన తరం మాత్రం ఆ విధానం వల్లే తయారైంది.

రాయదుర్గం సముదాయం

2015 నవంబర్ 5న గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో టీ-హబ్ మొదలైంది. తెలంగాణ ప్రభుత్వం, ట్రిపుల్ ఐటీ, ఐఎస్‌బీ, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఇందులో భాగస్వాములు. ఇంజనీరింగ్, వ్యాపారం, చట్టం అనే మూడు విద్యలనూ ఒకచోట చేర్చిన ఈ కూర్పు చాలా ముందుచూపుతో చేసినది. 70,000 చదరపు అడుగులతో మొదలైన సంస్థ 2022 జూన్ 28న రాయదుర్గం నాలెడ్జ్ సిటీలో సుమారు 5.82 లక్షల చదరపు అడుగుల సొంత భవనంలోకి మారింది.

టీ-హబ్ దేనికి పనికొస్తుందో తెలుసుకుని వెళ్లడం మేలు. కుర్చీకి అద్దె కట్టి కూర్చునే చోటు ఒక సేవ. అంతకంటే విలువైనవి గడువు పెట్టి బృందాలుగా నడిపే శిక్షణ కార్యక్రమాలు, పెద్ద కంపెనీల అవసరాలను స్టార్టప్‌ల ముందు పెట్టే కార్యక్రమాలు, మదుపరులతో ముఖాముఖీలు. నమూనా తయారై, ఒకరిద్దరు వాడి చూసిన దశలో ఉన్న సంస్థకు ఇది బాగా అక్కరకొస్తుంది. ఆలోచన మాత్రమే చేతిలో ఉన్నవారికి కళాశాలలోని చిన్న ఇంక్యుబేటరే నయం. అక్కడ ప్రొఫెసర్ దొరుకుతాడు, సమయమూ దొరుకుతుంది.

2017 నవంబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు తర్వాత, 2018 మార్చి 8న మహిళల కోసం వీ-హబ్ మొదలైంది. ఒక రాష్ట్ర ప్రభుత్వం మహిళా పారిశ్రామికవేత్తల కోసమే ఇంక్యుబేటర్ పెట్టడం దేశంలో అదే మొదలు. సాఫ్ట్‌వేర్ వరకే పరిమితం కాకుండా జిల్లాల్లో చిన్న తయారీ పనులు చేసే మహిళలను కూడా ఇది చేరదీసింది. అయితే ఈ దారి వేసినది ‘ఎలీప్’ అని మరవకూడదు. 1993లో కె. రమాదేవి ఆధ్వర్యంలో మొదలైన ఈ మహిళా పారిశ్రామికవేత్తల సంఘం గాజులరామారంలో మహిళల కోసమే పారిశ్రామికవాడ నెలకొల్పింది. ప్రభుత్వం ముందుకు రాకముందే పని చేసి చూపించిన సంస్థకు దక్కవలసినంత పేరు దక్కలేదు.

యంత్రాలు, విడిభాగాలు

2023 మార్చి 2న ఫాక్స్‌కాన్ ఛైర్మన్ యంగ్ లియూ రాయదుర్గంలో టీ-వర్క్స్‌ను ప్రారంభించారు. 78,000 చదరపు అడుగుల్లో త్రీడీ ప్రింటర్లు, సీఎన్‌సీ యంత్రాలు, లేజర్ కటింగ్, సర్క్యూట్ బోర్డుల తయారీ, చెక్కపని, పింగాణీ పని విభాగాలున్న నమూనా తయారీ కేంద్రం ఇది. కోటి రూపాయల యంత్రం కొనలేని ఇద్దరు కుర్రాళ్లు గంటల లెక్కన అదే యంత్రాన్ని వాడుకోగలగడం దీని ప్రయోజనం. కొత్త భవనం రాకముందు, 2020 కోవిడ్ రోజుల్లో బేగంపేటలో ఉండగానే ఈ బృందం స్థానిక సంస్థలతో కలిసి వెంటిలేటర్ నమూనా చేసింది.

నమూనా చేయడం ఒక పని. అదే వస్తువు వెయ్యి చేయడం వేరే పని. టీ-వర్క్స్ నుంచి బయటికొచ్చిన వస్తువు బాలానగర్‌కో జీడిమెట్లకో, ఎలక్ట్రానిక్స్ అయితే రావిర్యాల, మహేశ్వరం వైపున్న తయారీ క్లస్టర్లకో చేరాలి. వైద్య పరికరాలకు సుల్తాన్‌పూర్‌లో ప్రత్యేక పార్కు ఉంది. విమాన భాగాలకు ఆదిభట్ల ఉంది. చిన్న అవసరాలకు పాత నగరపు వ్యాపార వీధులే దిక్కు. రెసిస్టర్లు, సెన్సర్లు, మోటార్లు కోఠి గుజరాతీ గల్లీలో చిల్లరగా దొరుకుతాయి. కంప్యూటర్ భాగాలకు, మరమ్మతులకు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. బోల్టులు, బేరింగులు, పంపులు కావాలంటే రాణీగంజ్ వెళ్లాలి. ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చి మూడు రోజులు ఎదురుచూసే భాగం ఆ గల్లీల్లో మధ్యాహ్నం లోపు చేతికొస్తుంది. ఏ ముక్కకు బదులు ఏది సరిపోతుందో చెప్పే దుకాణదారు అనుభవం ఉచితంగా వచ్చే సలహా.

విద్యాసంస్థలు, ప్రయోగశాలలు

ట్రిపుల్ ఐటీలో 2008లో ఏర్పడిన సెంటర్ ఫర్ ఇన్నోవేషన్ అండ్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ నగరంలోని పాత ఇంక్యుబేటర్లలో ఒకటి. ఆ ప్రాంగణంలోని భాషా సాంకేతిక పరిశోధన కేంద్రం తెలుగుతో సహా భారతీయ భాషల యంత్రానువాదం మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. తెలుగు మాటను, రాతను యంత్రానికి నేర్పే వ్యాపారం తలపెట్టినవారికి ఇంతకంటే దగ్గరి ఆసరా లేదు.

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో చిప్ డిజైన్ సంస్థల కోసం ఫ్యాబ్‌సీఐ, వైద్య పరికరాల వ్యాపారం మీద సెంటర్ ఫర్ హెల్త్‌కేర్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ ఉన్నాయి. డ్రైవరు లేని వాహనాలను, డ్రోన్లను పరీక్షించే తిహాన్ క్షేత్రం 2022 జూలైలో ప్రారంభమైంది. చిప్ డిజైన్‌కు కావలసిన సాఫ్ట్‌వేర్ లైసెన్సులు చిన్న సంస్థ కొనలేనంత ఖరీదైనవి. వాటిని పంచుకోవడం కోసమైనా ఇలాంటి చోటు చేరక తప్పదు.

జీవశాస్త్ర రంగం సంగతి వేరు. సాఫ్ట్‌వేర్‌ను ల్యాప్‌టాప్ మీద మొదలుపెట్టొచ్చు. సూక్ష్మజీవులతో, రసాయనాలతో పనిచేసేవారికి తొలిరోజునుంచే అనుమతులున్న ప్రయోగశాల, వ్యర్థాలను శుద్ధిచేసే ఏర్పాటు, శీతల గిడ్డంగి కావాలి. అందుకే శామీర్‌పేట వైపు తుర్కపల్లిలో 1999లో ఐసీఐసీఐ చొరవతో 200 ఎకరాల్లో పుట్టిన ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ఈ రంగానికి ఇరుసు అయింది. చుట్టూ ఉన్న జినోమ్ వ్యాలీలో వ్యాక్సిన్, ఔషధ సంస్థలు పొరుగున ఉండటం మరో మేలు. జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోని అటల్ ఇంక్యుబేషన్ సెంటర్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని ఆస్పైర్-బయోనెస్ట్ ఇదే పని చేస్తున్నాయి.

వ్యవసాయ సాంకేతికతలో హైదరాబాద్‌కు ఉన్నంత బలం దేశంలో మరే మహానగరానికీ లేదని చెప్పవచ్చు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 2003లోనే వ్యవసాయ వ్యాపార ఇంక్యుబేటర్ తెరిచింది. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ (నార్మ్) వారి ఎ-ఐడియా, చిరుధాన్యాల పరిశోధన సంస్థ వారి న్యూట్రిహబ్, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయపు అగ్‌హబ్ ఇరుగుపొరుగున ఉన్నాయి. జొన్న, కొర్ర, రాగి పిండివంటలను పొట్లాల్లో పెట్టి అమ్మే ఎన్నో కొత్త సంస్థలకు యంత్రాలు, నాణ్యత పరీక్షలు అందిస్తున్నది న్యూట్రిహబ్.

పనివారు

ఏ ప్రభుత్వ నివేదికా అమీర్‌పేటను టెక్నాలజీ వనరుగా చెప్పదు. అయినా మైత్రీవనం, ఒకప్పటి సత్యం థియేటర్, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల్లోని కోచింగ్ సెంటర్లు లేకుండా ఈ నగరపు సాఫ్ట్‌వేర్ చరిత్ర రాయలేం. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా పట్టా చేతబట్టుకుని వచ్చిన పిల్లలు హాస్టల్ గదుల్లో ఉంటూ, తక్కువ ఫీజుతో జావా, టెస్టింగ్, డేటాబేస్, ఇప్పుడు క్లౌడ్, డేటా సైన్స్ నేర్చుకునేది ఇక్కడే. నాణ్యత సెంటర్‌ను బట్టి మారుతుంది. కల్పిత అనుభవ పత్రాల బెడదా ఉంది. చిన్న కంపెనీ ఇక్కడినుంచి మనుషుల్ని తీసుకునేటప్పుడు కాగితాన్ని పక్కనపెట్టి పని చేయించి చూడాలి. ప్రభుత్వం వైపు నుంచి తెలంగాణ అకాడమీ ఫర్ స్కిల్ అండ్ నాలెడ్జ్ (టాస్క్) కళాశాల విద్యార్థులకు శిక్షణ ఇచ్చి కంపెనీలతో కలుపుతుంది.

డబ్బు

తొలి దశకు ప్రభుత్వ నిధులు చాలావరకు ఇంక్యుబేటర్ల ద్వారానే వస్తాయి. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ కింద ఆలోచనను నిరూపించుకోవడానికి రూ.20 లక్షల దాకా గ్రాంటు, మార్కెట్లోకి వెళ్లడానికి రూ.50 లక్షల దాకా అప్పు లేదా వాటాగా మారే రుణం దొరుకుతుంది. బయోటెక్ సంస్థలకు కేంద్ర సంస్థ బైరాక్ వారి ‘బిగ్’ గ్రాంటు రూ.50 లక్షల దాకా ఉంటుంది. ఐకేపీ దీనికి భాగస్వామి. రక్షణ రంగ ఆవిష్కరణలకు 2018లో మొదలైన ఐడెక్స్, డీఆర్‌డీఓ టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్ ఉన్నాయి. రక్షణ పరిశోధన ప్రయోగశాలలు కంచన్‌బాగ్‌లోనే ఉన్నందున ఈ రెండూ హైదరాబాద్ సంస్థలకు ఎంతో అనుకూలం.

ప్రైవేటు మదుపులో హైదరాబాద్ ఏంజెల్స్, టై హైదరాబాద్, ఎండియా పార్ట్‌నర్స్, ఆంట్‌హిల్ వెంచర్స్ వంటి స్థానిక పేర్లు ఉన్నాయి. పెద్ద మొత్తాలు మాత్రం ఇప్పటికీ బెంగళూరు, ముంబయి, విదేశాల నుంచే రావాలి. 2015లో ఇక్కడ మొదలై 2022లో వంద కోట్ల డాలర్ల విలువ దాటిన డార్విన్‌బాక్స్ వంటివి ఈ నగరం నుంచీ ఎదగవచ్చని చూపాయి.

అనుమతులు, బకాయిలు

2014లో చట్టంగా వచ్చిన టీఎస్-ఐపాస్ (ఇప్పుడు టీజీ-ఐపాస్) పరిశ్రమ పెట్టడానికి కావలసిన అనుమతులను ఒకే దరఖాస్తుతో, గరిష్ఠంగా 30 రోజుల్లో, మెగా ప్రాజెక్టులకైతే 15 రోజుల్లో ఇవ్వాలని నిర్దేశించింది. గడువు దాటితే కారణం అడిగే హక్కు దరఖాస్తుదారుకు ఉంది. తయారీ రంగంలోకి దిగేవారికి దీని విలువ తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ సంస్థకు దీనితో పని తక్కువ. ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తలకు టీ-ప్రైడ్ పథకం ఉంది. పేటెంటు దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. స్టార్టప్‌లకు రుసుములో 80 శాతం తగ్గింపు వర్తిస్తుంది.

చిన్న సంస్థను ముంచేది తరచుగా అమ్మిన సరుకుకు రావలసిన డబ్బు రాకపోవడం. ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ఇక్కడ గట్టి రక్షణ ఇస్తుంది. కొనుగోలుదారు 45 రోజుల్లోపు చెల్లించాలి. లేకపోతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ పడుతుంది. రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 2025 ఏప్రిల్ 1 నుంచి రూ.100 కోట్ల టర్నోవరు, యంత్రాల మీద రూ.25 కోట్ల పెట్టుబడి వరకు చిన్న సంస్థ కిందే లెక్క. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే జరపాలన్న నియమం కూడా ఉంది. ఈసీఐఎల్, బీహెచ్‌ఈఎల్, బీడీఎల్ గేట్లు ఊళ్లోనే ఉండగా తొలి ఆర్డరు కోసం కాలిఫోర్నియా వైపు చూసే తయారీ సంస్థలు ఈ నియమాన్ని ఒకసారి చదువుకోవాలి.

నష్టాల్లో చిక్కిన చిన్న పరిశ్రమల కోసం రాష్ట్రం తెలంగాణ ఇండస్ట్రియల్ హెల్త్ క్లినిక్‌ను స్థాపించింది. ఖాతా మొండిబాకీగా మారకముందే వెళ్లినవారికే ఇది ఎక్కువగా ఉపకరిస్తుంది.

సంఘాలు

సాఫ్ట్‌వేర్ సంస్థల సంఘం హైసియా 1991 నుంచి ఉంది. పెద్ద కంపెనీల అధికారులను చిన్న సంస్థల వ్యవస్థాపకులు ఒకే బల్ల దగ్గర కలవగలిగే వేదిక అది. 1917లో పుట్టిన వాణిజ్య మండలి ఎఫ్‌టీసీసీఐ రెడ్‌హిల్స్‌లో పన్నులు, కార్మిక చట్టాలు, ఎగుమతి పత్రాల మీద సలహాలు ఇస్తుంది. సైబరాబాద్ పోలీసులు, ఐటీ కంపెనీలు కలిసి నడిపే భద్రతా మండలి (ఎస్‌సీఎస్‌సీ) రాత్రివేళ పనిచేసే మహిళల కోసం షీ షటిల్ బస్సులు నడిపింది.

లోటుపాట్లు

తెలంగాణ ఐటీ ఎగుమతులు 2013-14లో రూ.57,258 కోట్లు. 2022-23లో రూ.2,41,275 కోట్లు. ఉద్యోగులు 3,23,396 నుంచి 9,05,715కు పెరిగారు. ఇందులో సింహభాగం పెద్ద కంపెనీలదే, అదీ ఎక్కువగా పడమటి అంచునే. ఉప్పల్, పోచారం, కొంపల్లి వైపు పని విస్తరించాలని 2020లో గ్రిడ్ విధానం వచ్చింది. వరంగల్, కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, మహబూబ్‌నగర్, సిద్దిపేటల్లో ఐటీ టవర్లు లేచాయి. అయినా మదుపరి, గురువు, ప్రయోగశాల కావాలంటే ఈనాటికీ ప్రయాణం రాయదుర్గానికో తుర్కపల్లికో రాజేంద్రనగర్‌కో తప్పదు.

మొదటి రెండేళ్లకు ఇక్కడ సాయం పుష్కలం. ఆ తర్వాత, వస్తువు అమ్ముడవుతున్నా బ్యాంకు నమ్మని, మదుపరి ఇంకా రాని నడుమ దశలో తోడ్పాటు బాగా పలచబడుతుంది. కొత్త భవనాల మీద పెట్టిన శ్రద్ధ ఈ దశ మీద పెట్టి ఉంటే మరికొన్ని సంస్థలు బతికేవి.

భాష ఇంకో అడ్డంకి. మార్గదర్శకాలు, దరఖాస్తులు, ముఖాముఖీలు చాలావరకు ఇంగ్లీషులోనే సాగుతాయి. తెలంగాణ ఇన్నోవేషన్ సెల్ 2019 నుంచి నడిపిన ‘ఇంటింటా ఇన్నోవేటర్’ కార్యక్రమంలో పల్లె రైతులు, మెకానిక్కులు తమ ఆవిష్కరణల వివరాలు వాట్సాప్‌లో పంపితే జిల్లా కేంద్రాల్లో ప్రదర్శించారు. ఆ వెసులుబాటును టీ-హబ్, టీ-వర్క్స్, విశ్వవిద్యాలయ ఇంక్యుబేటర్లు కూడా కల్పించాలి. దరఖాస్తును తెలుగులో తీసుకుని, తెలుగులో జవాబివ్వాలి.